వానలో, ఈదురుగాలిలో గోల్ఫ్: ఏం వేసుకోవాలి, బ్యాగులో ఏం పెట్టుకోవాలి

వాన రోజు గోల్ఫ్ కోర్సులో తరచూ కనిపించే సంగతి ఒకటుంది. ఒంటి మీద మంచి జాకెట్ ఉంటుంది, లోపల చొక్కా పొడిగానే ఉంటుంది. కానీ ఐదో హోల్ (బంతిని ఒక్కో గుంటలో వేసే దాకా సాగే ఆట భాగం) దాటేసరికి గ్లౌజు నాని ముద్దవుతుంది, గ్రిప్, అంటే బంతి కొట్టే క్లబ్ పిడి, జారుతుంది. క్లబ్ చేతిలో తిరిగిపోతుందన్న భయంతో పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది. పిడికిలి బిగిస్తే ముంజేతులు బిగుస్తాయి, వాటి వెంట భుజాలు. ఇక స్వింగ్ అనేది ఉండదు.

వాన కోసం కొనడం మొదలుపెట్టేవాళ్లు దాదాపు అందరూ జాకెట్‌తోనే మొదలుపెడతారు. నేనూ అలాగే చేశాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే వరస మార్చమంటాను: ముందు చేతులు, తర్వాత పాదాలు, ఆ తర్వాతే జాకెట్. చేతులు పట్టు తప్పకుండా, కాళ్లు జారకుండా ఉంటే భుజాలు కాస్త తడిసినా ఆడుకోవచ్చు. ఈ మార్గదర్శి కూడా ఆ వరసలోనే సాగుతుంది.

1. మీరు ఆడేది ఎలాంటి వానలో?

వాన, గాలి, చలి మూడు వేర్వేరు సమస్యలు. ఒక్క బట్టతో మూడూ తీరవు. గాలి లేని జోరువానకు గొడుగు చాలావరకు సరిపోతుంది. వాన లేని హోరుగాలికి రెయిన్ సూట్ అనవసరం, తేలికైన విండ్ జాకెట్ చాలు. వెచ్చటి వాతావరణంలో కురిసే వానలో బయటి నీటికంటే లోపలి చెమటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చలిగాలితో కలిసి వచ్చే ముసురు అన్నిటికంటే కష్టం.

ఎందుకంటే 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది దాదాపు 7 డిగ్రీల్లా తగులుతుంది. దానికి తడి కూడా తోడైతే ఇంకా దారుణం. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. తడిసిన చొక్కాతో గాలిలో నాలుగు గంటలు నిలబడితే వేళ్లు మొద్దుబారతాయి, గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి నేల) దగ్గర బంతిని మెల్లగా లేపి వేసే చిన్న చిప్ షాట్ కూడా చేతికి అందదు.

2002లో మ్యూర్‌ఫీల్డ్‌లో జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్‌కు టైగర్ వుడ్స్ ఆ ఏడాది మాస్టర్స్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచి వచ్చాడు. మూడో రౌండ్‌లో చలిగాలి, వాన కలిసి విరుచుకుపడితే ఆయన స్కోరు 81. గోల్ఫ్‌లో స్కోరు అంటే కొట్టిన దెబ్బల లెక్క, ఎంత తక్కువైతే అంత మంచిది, అంతటి ఆటగాడికి 81 చాలా ఎక్కువ. ఆయనంతటివాడికే అలా జరిగిన రోజులుంటాయి కాబట్టి, బయల్దేరేటప్పుడు ఆకాశం ఎలా ఉందన్నది కాకుండా నాలుగైదు గంటల తర్వాత ఎలా ఉండొచ్చన్నది చూసి సర్దుకోండి. వాన శాతం ఒక్కటే చూసి వదిలేయకండి. గాలి వేగం, విసురు గాలుల వేగం, ఉష్ణోగ్రత కూడా చూడండి.

2. చేతులు: రెయిన్ గ్లౌజులు, గ్రిప్‌లు

మామూలుగా వాడే క్యాబ్రెటా గ్లౌజు పలచటి గొర్రె తోలుతో చేసింది. పొడిగా ఉన్నప్పుడు దానికి సాటి లేదు. తడిస్తే మాత్రం జారుతుంది, సాగుతుంది, ఎండాక అట్టలా బిగుసుకుపోతుంది.

రెయిన్ గ్లౌజు సంగతి పూర్తిగా వేరు. దాని అరచేయి భాగంలో మెత్తటి నూగు ఉన్న సింథటిక్ బట్ట ఉంటుంది. తడిసిన కొద్దీ ఆ నూగు గ్రిప్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రెయిన్ గ్లౌజు అంటే నీరు లోపలికి రాని గ్లౌజు కాదు. అది తడుస్తుంది, తడవాలి కూడా. సన్నటి తుంపరలో గ్లౌజు సగం తడిగా ఉండి పట్టు సరిగా అనిపించకపోతే, కాసిని నీళ్లతో బాగా తడుపుకుని ఆడి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇవి సాధారణంగా జతగా దొరుకుతాయి. రెండు చేతులకూ వేసుకోవాలి. అలవాటు లేనివాళ్లకు క్లబ్‌ను కిందివైపు పట్టుకునే చేతికి గ్లౌజు మొదట్లో వింతగా ఉంటుంది. అందుకే మొదటిసారి మ్యాచ్ రోజున కాకుండా ప్రాక్టీస్ రేంజ్‌లో ఓ గంట ఆడి చూడండి. ఎండలో కూడా ఎప్పుడూ రెండు గ్లౌజులతోనే ఆడే ప్రొఫెషనల్ టామీ గెయినీకి 'టూ గ్లవ్స్' అనే పేరే పడిపోయింది. కాబట్టి రెండు గ్లౌజులతో మంచి ఆట రాదన్న బెంగ అక్కర్లేదు. సైజు మాత్రం బిగుతుగా ఉండాలి. వేలి చివర బట్ట మిగిలితే తడిసినప్పుడు అది ఇంకా వదులవుతుంది.

రెయిన్ గ్లౌజులు కొనడం ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. నాలుగైదు మామూలు గ్లౌజులు జిప్ కవర్లలో విడివిడిగా పెట్టుకుని, రెండు మూడు హోల్స్‌కు ఒకటి చొప్పున మార్చుకోండి. తీసిన గ్లౌజును గొడుగు లోపలి పుల్లలకు తగిలిస్తే కొంత ఆరుతుంది. తుంపరకు ఇది బాగానే పనిచేస్తుంది, జోరువానలో పనిచేయదు. నిబంధనల విషయానికొస్తే, మామూలు గ్లౌజులు వేసుకోవడానికీ, చేతులకు రెజిన్, పౌడర్ లాంటివి రాసుకోవడానికీ అభ్యంతరం లేదు.

చలి రోజున షాట్‌కూ షాట్‌కూ మధ్య వేసుకునే వదులైన, దళసరి మిట్టెన్‌లు (వేళ్లన్నీ ఒకే అరలో ఉండే గ్లౌజులు) చాలా మంచివి. వాటిలో చిన్న హ్యాండ్ వార్మర్ పొట్లం పెట్టుకోవచ్చు. కానీ ఆ పొట్లం ఉన్న జేబులో బంతులు పెట్టే అలవాటు చేసుకోకండి. కావాలని వేడిచేసిన బంతితో ఆడటం నిబంధనలకు విరుద్ధం, దానికి శిక్ష పోటీ నుంచి తొలగింపే.

ఇక గ్రిప్‌లు. నున్నగా అరిగిపోయిన గ్రిప్‌ను ఏ గ్లౌజూ కాపాడలేదు. వానల్లో తరచూ ఆడేవాళ్లు రబ్బరులో నూలు పోగులు కలిపి చేసిన కార్డ్ గ్రిప్‌లు వేయించుకుంటే పట్టు బాగుంటుంది. కాకపోతే అవి చేతికి గరుకుగా తగులుతాయి. ఆ గరుకు నచ్చకపోతే, కనీసం ఉన్న గ్రిప్‌లనైనా గోరువెచ్చటి సబ్బు నీళ్లతో తోమి జిడ్డు వదిలించండి.

3. పాదాలు

నడిచి ఆడితే 18 హోల్స్‌కు 8 నుంచి 10 కిలోమీటర్ల దాకా అవుతుంది. అదంతా తడి గడ్డిలోనే. పైనుంచి వాన ఆగిపోయినా కింద గడ్డి గంటల తరబడి తడిగానే ఉంటుంది. కాబట్టి వాటర్‌ప్రూఫ్ షూస్ వాన రోజుకే కాదు, మంచు పడ్డ ఉదయాలకూ పనికొస్తాయి.

కొనేటప్పుడు షూ నాలుకను పైకెత్తి చూడండి. అది రెండు పక్కలా షూ గోడకు కలిపి కుట్టి ఉండాలి. విడిగా ఉంటే నీరు అక్కడి నుంచే వస్తుంది. అడుగున మెత్తటి స్పైకులు ఉన్నవి తీసుకోండి. స్పైకులు లేని షూస్ పొడి నేల మీద హాయిగా ఉంటాయి కానీ, తడిసిన వాలు మీద నిలబడి గట్టిగా కొట్టినప్పుడు వెనక కాలు జారుతుంది. అరిగిన స్పైకులు కూడా జారతాయి, వానలు మొదలయ్యే ముందే మార్చేయండి. సాయంత్రం పూట, మీరు వేసుకోబోయే సాక్సులతోనే షూ వేసి చూసుకోండి. నడిచేకొద్దీ పాదాలు కొంచెం ఉబ్బుతాయి.

సాక్సులు మెరినో ఉన్నివి గానీ, ఉన్ని కలిసినవి గానీ తీసుకోండి. నూలు సాక్సు నీటిని పీల్చుకుని వదలదు, పొక్కులు తెస్తుంది. షూ ఎంత మంచిదైనా నీరు పైనుంచి దిగితే ఏమీ చేయలేం. సాక్సు పై అంచు తడిస్తే ఆ తడి ఒత్తిలో నూనెలా మెల్లగా పాదం దాకా దిగుతుంది. అందుకే రెయిన్ ప్యాంటు అంచు షూ మెడను పూర్తిగా కప్పాలి. బ్యాగులో ఇంకో జత సాక్సులు జిప్ కవర్లో ఉంచుకోండి. తొమ్మిది హోల్స్ అయ్యాక పొడి సాక్సులు తొడుక్కుంటే వచ్చే సుఖం అనుభవిస్తేనే తెలుస్తుంది.

4. జాకెట్: లేబుల్ చదవడం, ఒంటికి సరిచూసుకోవడం

నా మొదటి జాకెట్ లేబుల్ మీద 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంది. వాటర్‌ప్రూఫ్ అన్నా అదే అనుకున్నాను. ఏడో హోల్ దగ్గర భుజాల మీద చల్లగా తగిలింది, పన్నెండో హోల్‌కు లోపలి చొక్కా పిండుకునేలా ఉంది. వాటర్ రెసిస్టెంట్ అంటే కాసేపు తుంపరను ఆపుతుంది, అంతే. వాటర్‌ప్రూఫ్ అంటే లోపల నీటిని ఆపే పొర ఉండి, కుట్లు కూడా మూసి ఉన్నది. ఈ రెండు మాటల తేడా తెలియకుండా షాపులో అడుగు పెట్టకండి.

లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లు, 20,000 మిల్లీమీటర్లు అనే అంకెలు ఉంటాయి. బట్ట మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలిపితే చుక్కలు కారడం మొదలవుతుందో ఆ అంకె చెబుతుంది. మామూలు వానకు 10,000 చాలు. గాలితో కొట్టే వానలో గంటల తరబడి ఆడేవాళ్లు 20,000 దగ్గరలో ఉన్నది చూసుకోవాలి. రెండో అంకె ఊపిరాడే గుణానిది: ఒక చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందన్నది. నడిచి ఆడేవాళ్లకు ఇదీ అంతే ముఖ్యం. ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుని ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పోయే, గడ్డి కత్తిరించిన దారి) ఎక్కి చూడండి, వానకు తడవకుండానే చెమటకు తడుస్తారు.

ఈ రెండు పనులూ ఒకే బట్ట ఎలా చేస్తుంది? 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ రకం పదార్థాన్ని ఒక్కసారిగా లాగి సాగదీస్తే అందులో కంటికి కనపడని రంధ్రాలు ఏర్పడ్డాయి. నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి పోగలిగేంత పెద్దవి. గోర్‌టెక్స్ పుట్టింది అలాగే. ఇప్పుడు ఇతర పద్ధతుల్లో చేసిన పొరలు కూడా చాలా ఉన్నాయి, వాటిలోనూ మంచివి ఉన్నాయి. ఏ పొర అయినా బయటి బట్ట మీద నీటిని జార్చేసే పూత ఉండాలి. ఆ పూత అరిగితే వాన చుక్కలు ముత్యాల్లా దొర్లిపోకుండా బట్టలోకి ఇంకుతాయి. లోపలి పొర నీటిని ఆపుతూనే ఉంటుంది కానీ ఆవిరి బయటికి పోదు. లోపల చెమ్మగా ఉంటుంది, జాకెట్ కారుతోందని మనం అనుకుంటాం. చాలాసార్లు అది కారడం కాదు, పూత పోవడం.

జాకెట్‌ను లోపలివైపు తిప్పి చూడండి. కుట్ల మీద సన్నటి టేపు అంటించి ఉండాలి. కొన్ని జాకెట్లకు భుజాలు, మెడ దగ్గర మాత్రమే టేపు ఉంటుంది. జోరువానకు అన్ని కుట్లకూ టేపు ఉన్నదే కావాలి. జిప్ నీరు పట్టనిదై ఉండాలి, లేదా దాని వెనక ఒక బట్ట పట్టీ ఉండాలి.

పేరున్న బట్టలు కూడా మోసం చేయవచ్చనడానికి అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో 2010 పోటీ సాక్ష్యం. వేల్స్‌లోని సెల్టిక్ మ్యానర్‌లో మొదటి రోజు వానకు ఆట 7 గంటలకు పైగా ఆగింది. అమెరికా జట్టు తెచ్చుకున్న రెయిన్ సూట్‌లు నీళ్లు కారాయి. అక్కడే టోర్నీ షాపులో కొత్తవి కొని ఆటగాళ్లకు ఇవ్వాల్సి వచ్చింది. ఆ పోటీని యూరప్ 14½ - 13½ తేడాతో, ఒకే ఒక్క పాయింటుతో గెలిచింది. ఓటమికి సూట్‌లే కారణమని నేను అనను. కానీ ఒక్కసారి కూడా తడిపి చూడని బట్టలతో పెద్ద రోజుకు వెళ్లకూడదని మాత్రం దాన్నుంచి నేర్చుకున్నాను.

ఇప్పుడు ఒంటికి సరిపోతుందా లేదా అన్నది. అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు. బంతి ముందు నిలబడ్డట్టు వంగి, చేతులు కలిపి చూడండి. రెండు చేతుల మధ్య ఛాతీ దగ్గర బట్ట మూటలా పొంగితే ఆ జాకెట్ వద్దు. క్లబ్ పైకెత్తినట్టు పూర్తిగా తిరగండి, వీపు మీద లాగుతోందా? గడ్డం కాలర్‌కు తగులుతోందా? స్వింగ్ పూర్తిచేసి ఆగండి, నడుము దగ్గర జాకెట్ పైకి లేచి చొక్కా బయటపడుతోందా? మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా కుట్టిన చేతులు ఉన్నవి, కొంచెం సాగే బట్టవి ఈ పరీక్షలో బాగా నిలుస్తాయి. మణికట్టు దగ్గర పట్టీతో బిగించుకునే వీలు ఉండాలి. చేయి పైకెత్తినప్పుడు ముంజేతి మీదుగా నీరు మోచేతి దాకా జారేది అక్కడి నుంచే.

జాకెట్ చేతులు ఒకదానికొకటి రాసి చప్పుడు వినండి. బరబరమనే బట్ట షాపులో పట్టించుకోం గానీ, పుట్ (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) కొట్టేటప్పుడు చెవిలో అదే మోగుతుంది.

విండ్ జాకెట్ వేరుగా ఒకటి ఉంటే మంచిది. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. వదులు జాకెట్ అప్పుడు తెరచాపే. షాట్ కొట్టే ముందు గాలి మిమ్మల్ని కదిలిస్తే బ్యాలెన్స్ పోతుంది. అందుకని విండ్ జాకెట్ ఒంటిని పట్టి ఉండాలి, కింద అంచుకు బిగించుకునే తాడు ఉండాలి. చేతులు లేని విండ్ వెస్ట్ నాకు ఇంకా ఇష్టం, ఛాతీ వెచ్చగా ఉంటుంది, చేతులకు స్వేచ్ఛ ఉంటుంది.

5. లోపలి బట్టలు

ఒంటికి ఆనుకుని పలచటి మెరినో గానీ పాలిస్టర్ గానీ వేసుకోండి. నూలు టీషర్టు వద్దు, చెమటను పట్టి ఉంచుతుంది. చలి ఉంటే దాని మీద పలచటి ఫ్లీస్ ఒకటి. ఒకే దళసరి స్వెటర్‌కంటే పలచటివి రెండు మేలు, తీయొచ్చు, వేయొచ్చు. జాకెట్ సైజు చూసుకునేటప్పుడు ఈ రెండూ వేసుకునే వెళ్లండి.

6. రెయిన్ ప్యాంటు

షూ విప్పకుండా వేసుకోగలగాలి. అంటే కాలి పక్కన జిప్ కనీసం మోకాలి దాకా ఉండాలి. వాన మొదలయ్యాక ఒంటికాలి మీద నిలబడి తడి సాక్సుతో తంటాలు పడే పని తప్పుతుంది. లోపలి ప్యాంటు జేబులోకి చేయి పోయే దారి ఉంటే టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు), మార్కర్లు (బంతి చోటును గుర్తుపెట్టే బిళ్లలు) తీసుకోవడం తేలిక. పొడవు షూ మెడను కప్పాలి, స్పైకుల కింద పడకూడదు. మోకాలు వంచి, గ్రీన్ మీద పుట్ లైను చూసేటట్టు కూర్చుని పరీక్షించండి.

7. తల, కళ్లు

గాలి లేని వానలో చుట్టూ అంచున్న బకెట్ హ్యాట్ మంచిది, నీరు మెడ వెనక కాలర్‌లోకి దిగదు. గాలిలో అదే అంచు ఎగిరి కళ్లకు అడ్డం పడుతుంది. అప్పుడు వెనక బిగించుకునే వాటర్‌ప్రూఫ్ క్యాప్ నయం. చలికి చెవులు మూసే ఉన్ని టోపీ. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ముందుకు పొడుచుకొచ్చిన క్యాప్ అంచు తప్పనిసరి. అద్దాలు తుడిచే పొడి గుడ్డను వేరే జిప్ కవర్లో పెట్టుకోండి, క్లబ్బులు తుడిచే తువ్వాలుతో అద్దాలు తుడవకండి.

8. గొడుగు

60 నుంచి 68 అంగుళాల గొడుగు అయితే మీరూ, బ్యాగూ దాని కిందికి వస్తారు. పైన రెండు పొరలు ఉండి మధ్యలోంచి గాలి పోయే రకం తీసుకోండి. ఒకే పొర గొడుగు మొదటి విసురుకే తిరగబడుతుంది. కాడ, పుల్లలు ఫైబర్‌గ్లాస్‌వైతే వంగి మళ్లీ నిలబడతాయి.

బలమైన గాలిలో గొడుగు అసలు తెరవకపోవడమే మంచిది. దాంతో కుస్తీ పట్టి భుజాలు అలిసిపోతాయి. ఒక నియమం గుర్తుంచుకోండి. మీరు షాట్ కొట్టేటప్పుడు క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) గానీ మరొకరు గానీ మీ మీద గొడుగు పట్టకూడదు. మీ గొడుగు మీరే ఒక చేత్తో పట్టుకుని చిన్న పుట్ కొట్టడానికి మాత్రం అభ్యంతరం లేదు.

ఉరుము వినపడితే ఏ గొడుగూ, ఏ జాకెట్టూ కాపాడదు. పిడుగు ప్రమాదం ఉందని నమ్మకంగా అనిపిస్తే ఆట ఆపే హక్కు నిబంధనలే మీకు ఇచ్చాయి, పోటీలో ఉన్నా సరే. ఆపేసి లోపలికి వెళ్లండి. చెట్టు కింద నిలబడకండి.

9. తువ్వాళ్లు, బ్యాగు

తువ్వాళ్లు కనీసం మూడు. ఒకటి గొడుగు లోపల పుల్లకు వేలాడుతూ చేతులకు, గ్రిప్‌లకు మాత్రమే. రెండోది బయట బ్యాగుకు కట్టినది, బంతికి, క్లబ్ ముఖానికి. మూడోది జిప్ కవర్లో పొడిగా, మొదటిది తడిసిపోయాక తీయడానికి. బురద తుడిచిన తువ్వాలుతో గ్రిప్ తుడిస్తే అంత శ్రమా వృథా. క్లబ్ ముఖం కూడా కొట్టే ముందు తుడవండి. బంతికీ ముఖానికీ మధ్య నీరు ఉంటే వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) షాట్లలో స్పిన్ తగ్గుతుంది, గ్రీన్ మీద ఆగాల్సిన బంతి దొర్లిపోతుంది.

బ్యాగుకు వాన తొడుగు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి, చాలా బ్యాగులతో పాటే వస్తుంది, చాలామంది దాన్ని అటక మీద మర్చిపోతారు. తొడుగు తీసి క్లబ్ లాగి మళ్లీ మూయడం చిరాకైన పనే. వానల్లో ఎక్కువగా ఆడేవాళ్లు కుట్లు మూసిన వాటర్‌ప్రూఫ్ బ్యాగు తీసుకోవడం మంచిది. స్కోర్‌కార్డుకు ఒక ప్లాస్టిక్ తొడుగు, తడి కాగితం మీద కూడా రాసే పెన్సిల్, ఫోనుకు ఒక జిప్ కవర్. దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ పొగమంచులో, జోరువానలో సరిగా చూపకపోవచ్చు, కాబట్టి దూరాల పుస్తకమో, జీపీఎస్ వాచీయో ఉంటే మేలు.

10. ఇంట్లో ఒకసారి, కోర్సులో ఒక పద్ధతి

అన్నీ కొన్నాక, మొత్తం వేసుకుని పది నిమిషాలు షవర్ కింద నిలబడండి. వింతగా అనిపించినా సరే చేయండి. చేతులు పైకెత్తి, వంగి, తిరిగి చూడండి. మెడ, మణికట్టు, జిప్, షూ నాలుక ఈ నాలుగు చోట్లా తడి ఉందేమో తడుముకోండి. కారితే బిల్లుతో సహా తిరిగి ఇవ్వడానికి ఇదే సమయం.

కోర్సులో రెయిన్ సూట్ వాన మొదలవకముందే వేసుకోండి. తడిసిన చొక్కా మీద వేసిన సూట్ ఆ తడిని లోపలే బంధిస్తుంది. షాట్‌కు ముందు ఒక వరస పెట్టుకోండి: గొడుగు కిందే ఏ క్లబ్ అన్నది నిర్ణయించుకుని, చేతులు తుడుచుకుని, క్లబ్‌ను ఆఖరున తీసి, గ్రిప్ తుడిచి, వెంటనే వెళ్లి కొట్టండి. క్లబ్ వానలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది.

11. ఇంటికి వచ్చాక

జాకెట్, ప్యాంటు లేబుల్ మీద ఉన్న పద్ధతిలోనే ఉతకండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, అది నీటిని జార్చే గుణాన్ని చెడగొడుతుంది. లేబుల్ ఒప్పుకుంటే డ్రైయర్‌లో తక్కువ వేడి మీద కాసేపు తిప్పండి, పూత మళ్లీ పనిచేయడం మొదలవుతుంది. అప్పటికీ నీరు ఇంకుతుంటే కొత్త పూత స్ప్రే గానీ, ఉతికేటప్పుడు కలిపే ద్రవం గానీ వాడాలి.

షూ లోపల పాదం కింద ఉండే అట్టలు (ఇన్‌సోల్స్) తీసేసి, పాత న్యూస్‌పేపర్లు నలిపి కుక్కండి, కొన్ని గంటలకు ఒకసారి మార్చండి. హీటర్ ముందు పెడితే తోలు పగులుతుంది, అంటించిన చోట్లు ఊడతాయి. రెయిన్ గ్లౌజులు నీడలో చదునుగా ఆరేయండి. క్లబ్బులన్నీ బ్యాగులోంచి తీసి తుడిచి, హెడ్‌కవర్లు విడిగా ఆరబెట్టండి, తడి తొడుగులో ఉంచితే తుప్పు పడుతుంది. బ్యాగు జేబులన్నీ తెరిచి పెట్టండి, గొడుగు విప్పే ఆరనివ్వండి. అన్నీ ఆరాక పొడి తువ్వాళ్లు, సాక్సులు, గ్లౌజులు కొత్త జిప్ కవర్లలో సర్ది అదే రోజు బ్యాగులో పెట్టేయండి.